ట్యాపెట్ సౌండ్ అనుకుని ఇంజిన్ దించకండి, ముందు హెడర్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్, విజయవాడలో నడుపుతున్నారు. హెడ్ విప్పించి కొద్దిగా ఫేసింగ్ (అడుగు తలాన్ని చదును చేయడం) చేయించారు, రీగ్రైండ్ చేసిన (మళ్లీ సానపట్టి ఆకారం మార్చిన) క్యామ్, అంటే వాల్వుల్ని తెరిచే షాఫ్ట్, వేయించారు, 4-2-1 హెడర్ (హెడ్ నుంచి పొగ బయటికి తెచ్చే పైపుల సెట్), కోన్ ఫిల్టర్, పిగ్గీబ్యాక్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కల్ని మార్చే అదనపు పెట్టె) పెట్టించి ట్యూన్ చేయించారు. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేయగానే హెడ్ దగ్గర టిక్ టిక్‌మని గట్టిగా వస్తోంది, బండి వేడెక్కాక తగ్గుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రేస్ ఇస్తే మళ్లీ వినిపిస్తోంది. 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయించినా తేడా లేదు. మెకానిక్ మాత్రం "బేరింగ్ పోయినట్టుంది, ఇంజిన్ దించాల్సిందే" అంటున్నాడు. దించాలా, వద్దా?

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. బేరింగ్ సౌండ్ బండి వేడెక్కి ఆయిల్ పల్చబడ్డాక పెరుగుతుంది, మీది తగ్గుతోంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా, వేడెక్కాక మెల్లగా, లోడ్ పడితే మళ్లీ గట్టిగా వచ్చే టిక్ టిక్, అందులోనూ బయట చేయించిన హెడర్ ఉన్న బండిలో అయితే, నేను ముందు హెడర్ ప్యాకింగ్ దగ్గర గ్యాస్ కొడుతోందేమో చూస్తాను. రెండో అనుమానం ట్యాపెట్ల మీద, అంటే క్యామ్ కదలికతో వాల్వుల్ని నొక్కే భాగాల మీద, అదీ రీగ్రైండ్ క్యామ్ ఉంది కాబట్టి. కింది భాగం, అంటే కనెక్టింగ్ రాడ్లూ బేరింగులూ, నా లిస్టులో బాగా అడుగున ఉంటాయి.

హెడర్ లీకుకీ ట్యాపెట్ సౌండ్‌కీ తేడా పట్టడం చెవికి చాలా కష్టం, ఏళ్ల తరబడి ఇదే పని చేసేవాళ్లు కూడా పొరబడతారు. కారణం ఏంటంటే రెండూ ఒకే లయలో వస్తాయి. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ సిలిండర్‌లో మిగిలిన ప్రెషర్ ఒక్కసారిగా బయటికి తన్నుతుంది, ప్యాకింగ్ దగ్గర వెంట్రుకంత సందున్నా ఆ గ్యాస్ అక్కడ "టప్"మని కొడుతుంది. ఒక సిలిండర్‌కి క్రాంక్ రెండు చుట్లకి ఒకసారి. ట్యాపెట్ కూడా అంతే, క్యామ్ ఒక చుట్టుకి ఒక దెబ్బ, అంటే క్రాంక్ రెండు చుట్లకి ఒకటి. ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పటి వేగం) నిమిషానికి 900 చుట్లు ఉందనుకుంటే క్రాంక్ సెకనుకి 15 చుట్లు తిరుగుతుంది, క్యామ్ ఏడున్నర. ఒక్క వాల్వ్ కొట్టినా, ఒక్క సిలిండర్ దగ్గర లీకైనా సెకనుకి ఏడో ఎనిమిదో టిక్కులు.

ఈ లెక్కతో హెడర్‌నీ ట్యాపెట్‌నీ వేరు చేయలేకపోయినా పైభాగం సౌండా, కింది భాగం సౌండా అనేది చాలా వరకు తేలిపోతుంది. మీరు పంపిన వీడియో ఆడియోని ఒక ఆడియో ఎడిటింగ్ యాప్‌లో వేసి చూశాను, టిక్కులు ముళ్లలా విడివిడిగా లేస్తున్నాయి, సెకనుకి ఏడెనిమిదే ఉన్నాయి, పదిహేను లేవు. రాడ్ బేరింగ్ కొట్టుకుంటే మామూలుగా క్రాంక్ స్పీడ్‌తో వస్తుంది, ఐడిల్‌లో అది విడిగా లెక్కపెట్టేలా ఉండదు, కలిసిపోయి గడగడలా ఉంటుంది. ఫోన్ మైకుని పూర్తిగా నమ్మకూడదు కాబట్టి మీరు టైమింగ్ లైట్‌తో కూడా ఒకసారి చూడండి. మీ బండికి డిస్ట్రిబ్యూటర్ ఉంది, ఒక ప్లగ్ వైరుకి లైట్ తగిలిస్తే క్రాంక్ రెండు చుట్లకి ఒకసారి వెలుగుతుంది. వెలుగుకి ఒక టిక్ వస్తే పైభాగం, వెలుగుకి రెండు టిక్కులు వస్తే కింది భాగం మీద అనుమానం. (రెండు ట్యాపెట్లు వదులైనా వెలుగుకి రెండు టిక్కులు రావచ్చు, ఆ మెలిక గుర్తుంచుకోండి.)

ఇక హెడర్. రేపు పొద్దున్న బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే రెండు మూడు నిమిషాలకే ఇనుము వేడెక్కి వ్యాకోచించి సందు మూసుకుపోతుంది, మీ సౌండ్ తగ్గడానికి కారణం కూడా బహుశా అదే. బానెట్ ఎత్తి పెట్టుకుని, హీట్ షీల్డ్ ఉంటే ముందే విప్పేసి, ఒక అగరుబత్తి వెలిగించుకుని ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. హెడ్‌కీ హెడర్ ఫ్లాంజ్‌కీ మధ్య గీత వెంబడి నాలుగు పోర్టుల చుట్టూ మెల్లగా తిప్పండి. రేడియేటర్ ఫ్యాన్ ఇంకా తిరగదు కాబట్టి పొగ నిటారుగా లేస్తుంది. లీకున్న చోటికి రాగానే టిక్కుకొకసారి పొగ పక్కకి ఎగిరిపడుతుంది. పెట్రోల్ పైపులు, ఇంజెక్టర్ రైలు దగ్గర తడి గానీ పెట్రోల్ వాసన గానీ ఉంటే మాత్రం అగరుబత్తి జోలికి వెళ్లకండి, ముందు ఆ లీకు సంగతి చూడండి.

అగరుబత్తి వద్దనుకుంటే సబ్బు నీళ్లు. బండి ఆపి, గాలి ఊదే బ్లోయర్‌ని సైలెన్సర్ చివర గుడ్డతో బిగించి, హెడర్ అంతా సబ్బు నీళ్లు స్ప్రే చేస్తే లీకు దగ్గర బుడగలు వస్తాయి. ఇది ఫ్లాంజ్ మీదే కాదు, వెల్డింగుల మీద, పైపులు కలిసే కలెక్టర్ దగ్గర, ఆక్సిజన్ సెన్సర్ బిగించిన చోట కూడా చేయండి. ఫ్లాంజ్‌కీ పైపుకీ మధ్య వెల్డింగ్‌లో సూది మొనంత రంధ్రం ఉన్నా ఇలాగే టిక్కుమంటుంది, అది కళ్లకి కనబడదు.

ఇంకో పరీక్ష నాకు బాగా ఇష్టం, ఖర్చు లేదు. ఒక మీటరు రబ్బరు ట్యూబు తీసుకుని ఒక కొన చెవి దగ్గర పెట్టుకోండి, రెండో కొన ఫ్లాంజ్ వెంబడి తిప్పండి. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి కింద ఎముకకి ఆనించి మొనని వాల్వ్ కవర్ బోల్టు మీద, ఇంజెక్టర్ల మీద, బ్లాక్ మీద పెట్టి వినండి. ట్యూబులో గాలి సౌండ్ వినిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌లో ఇనుప సౌండ్ వినిపిస్తుంది. ట్యూబులో ఒకచోట చెవి మీద కొట్టినట్టుండి, స్క్రూడ్రైవర్‌లో ఎక్కడా ప్రత్యేకంగా లేదంటే అది గ్యాసే, ఇనుము కాదు. బెల్టుల దగ్గర చొక్కా చేతులు, చున్నీలు, మెడలో గొలుసు లేకుండా చూసుకోండి.

లీకు దొరికితే నట్లు బిగించేసి వదిలేయొద్దు. బిగిస్తే కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. మన దగ్గర చేసే హెడర్లలో చాలా వాటికి ఫ్లాంజ్ పల్చటి ప్లేట్, పైపులు వెల్డ్ చేసినప్పుడు ఆ వేడికి వంకరపోతుంది, చేసినవాళ్లు తర్వాత ఫేసింగ్ చేయకుండానే ఇచ్చేస్తారు. హెడర్ విప్పి ఫ్లాంజ్ మీద స్టీల్ స్కేలు నిలువుగా పెట్టి కింద నుంచి టార్చ్ వేయండి, వెలుతురు కనబడుతోందంటే వంకర ఉన్నట్టే. ఆటోనగర్‌లో ఏ మంచి లేత్ షాపుకి తీసుకెళ్లినా ఫేసింగ్ చేసిస్తారు, అయితే నాలుగు పోర్టులూ ఒకేసారి ఒకే తలంలోకి రావాలని చెప్పండి, ఒక్కోటి విడిగా గ్రైండర్‌తో నున్నగా చేసి ఇస్తే పని పాడైనట్టే. పాత ప్యాకింగ్ మీద నల్లటి మసి గీతలు లోపలి నుంచి బయటికి పారినట్టు ఎక్కడ ఉన్నాయో చూడండి, లీకు చోటు అదే చెప్పేస్తుంది. కొత్త ప్యాకింగ్ కాగితం లాంటిది కాకుండా లోహపు పొరలది వేయండి. స్టడ్‌లు సాగిపోయి ఉంటే కొత్తవి. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, టార్క్ రెంచ్‌తో, రెండు మూడు విడతల్లో. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక ఒకసారి మళ్లీ బిగింపు చూడండి.

ఇంకో మాట, మైలేజీ పడిపోయిందని కూడా రాశారు కదా. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు లీకుంటే గ్యాస్ బయటికి పోవడమే కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ప్రెషర్ తగ్గినప్పుడు బయటి గాలి లోపలికి కూడా పీలుస్తుంది. సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోల్ పెంచుతుంది. ట్యూన్ చేసినవాళ్ల మీద కోపం తెచ్చుకునే ముందు ఇది చూడండి. లీకు ఉండగా మళ్లీ ట్యూన్ చేయిస్తే మాత్రం ఆ తప్పుడు రీడింగ్ మీదే ట్యూన్ అవుతుంది.

హెడర్ క్లీన్ అని తేలిందా, అప్పుడు ఒక్కో సిలిండర్ ఆపి చూడండి. ప్లగ్ వైరు లాగొద్దు, షాక్ కొడుతుంది, కాయిల్ మీద భారం పడుతుంది, కాలని పెట్రోల్ క్యాటలిస్ట్‌లోకి పోతుంది. ఇంజెక్టర్ కనెక్టర్ ఒక్కోటి తీసి, కొద్ది క్షణాలు విని, మళ్లీ పెట్టండి. ఒక సిలిండర్‌కి పెట్రోల్ ఆపగానే టిక్కు బాగా మెత్తబడితే అది మండటంతో ముడిపడిన సౌండ్: గ్యాస్ లీకు, ప్లగ్గు వదులు, లేదా రాడ్, పిస్టన్. ఏ సిలిండర్ ఆపినా టిక్కు అలాగే ఉంటే వాల్వుల వైపు చూడాలి, క్యామ్‌కి పెట్రోల్‌తో పనిలేదు, అది తిరిగినంతసేపూ కొడుతూనే ఉంటుంది. కనెక్టర్ తీయగానే పూర్తిగా మాయమైతే మీరు విన్నది ఇంజెక్టర్ సౌండే కావచ్చు. నవ్వకండి, ఇది చాలాసార్లు జరుగుతుంది. కంపెనీ ఎయిర్ బాక్స్ తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టాక, ఇంతకుముందు డబ్బాలో మునిగిపోయిన సౌండ్లన్నీ బయటికొస్తాయి, ఇంజెక్టర్ల చిటపటలు కొత్తగా వచ్చిన జబ్బులా అనిపిస్తాయి.

ప్లగ్గులు కూడా ఒకసారి తీసి చూడండి. హెడ్ పని చేశాక చేత్తో తిప్పి వదిలేసినవి నేను చూశాను. ప్లగ్ వదులుగా ఉంటే కంప్రెషన్ అక్కడినుంచే తప్పించుకుంటూ టిక్కుమంటుంది. హోండా మాన్యువల్ లెక్క 18 న్యూటన్ మీటర్లు. హెడ్ అల్యూమినియం కాబట్టి అంతకంటే బలం చూపించనవసరం లేదు. రాత్రి దీపాలన్నీ ఆర్పి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే ప్లగ్ వైరు నుంచి హెడర్ పైపుకి నీలం నిప్పురవ్వ దూకుతూ కనిపించొచ్చు, అది కూడా టిక్ టిక్కే. హెడర్ పైపు ఎక్కడైనా క్రాస్‌మెంబర్‌కి తగులుతోందా, హీట్ షీల్డ్ బోల్టు ఊడిందా అనేది చెయ్యి పెట్టి ఊపితే తెలిసిపోతుంది, బండి చల్లగా ఉన్నప్పుడే సుమా. అడ్జస్టబుల్ క్యామ్ పుల్లీ వేయించి ఉంటే దాని బోల్టు తలలు టైమింగ్ కవర్‌కి రాసుకుంటున్నాయేమో కవర్ లోపలి పక్కన గీతలు చూడండి. ఆల్టర్నేటర్ బెల్టు, పవర్ స్టీరింగ్ బెల్టు విప్పి అర నిమిషం నడిపి చూస్తే ఆ వైపు అనుమానాలు కూడా పోతాయి.

ట్యాపెట్ల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన మెకానిక్‌లు ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే.

సిటీ వీటెక్ లాంటి హోండా డి-సిరీస్ ఇంజిన్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లు లేవు, స్క్రూ, లాక్‌నట్ ఉన్న మామూలు రాకర్లు. మాన్యువల్ ప్రకారం రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య గ్యాప్ ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22 మి.మీ., ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27 మి.మీ., ఇంజిన్ 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు. మన ఎండల్లో బండి మధ్యాహ్నం పార్కింగ్‌లో నిలబెట్టినా అంతకంటే వేడిగానే ఉంటుంది, కాబట్టి రాత్రంతా నీడలో ఉంచి తెల్లవారుజామున చూడటమే పద్ధతి. కానీ ఈ అంకెలు కంపెనీ క్యామ్‌కి. మీది రీగ్రైండ్. క్యామ్ గ్రైండ్ చేసినవాళ్లు ఒక కాగితం ఇచ్చి ఉంటారు, లిఫ్ట్, డ్యూరేషన్‌తో పాటు ఎంత గ్యాప్ పెట్టాలో కూడా అందులో ఉంటుంది, పెట్టాల్సింది అదే గ్యాప్. ఆ కాగితం లేకపోతే వాళ్లకి ఫోన్ చేసి అడగండి. లోబ్ (క్యామ్ మీద వాల్వుని తెరిపించే ఉబ్బు) మీద ర్యాంప్, అంటే ఆ ఉబ్బు మొదలయ్యే వాలు, కంపెనీ క్యామ్ కంటే నిటారుగా ఉంటే, గ్యాప్ సరిగ్గా ఉన్నా కొంచెం టిక్ టిక్ ఉంటుంది, దాన్ని పూర్తిగా పోగొట్టాలని చూడకూడదు.

పోగొట్టాలని చూస్తే ఏమవుతుందో చెప్తాను. ఒక కారు నా దగ్గరికి మిస్సింగ్ అని వచ్చింది, అదీ క్యామ్ మార్చిన బండే. ఎక్కడో ట్యాపెట్ సౌండ్ అని ఓనర్ పట్టుబడితే అక్కడి మెకానిక్ సౌండ్ పూర్తిగా ఆగేదాకా అన్నీ బిగించేశాడు. ఓనర్ సంతోషంగా ఇంటికెళ్లాడు. గ్యాప్ లేకపోతే వేడెక్కి కాడ సాగినప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని సీటుకి దించుకునేది మూసుకున్న ఆ కాసేపే, ఆ అవకాశం లేక కాలిపోతుంది. హెడ్ విప్పితే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కొరికిన అప్పడంలా ఉంది. కాబట్టి మీ మెకానిక్ "సౌండ్ లేకుండా సెట్ చేస్తా" అంటే చేయనివ్వకండి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ వేసిన బండ్లలో సీట్లు అరిగి గ్యాప్ తనంతట తానే తగ్గిపోతూ వస్తుంది, వాటిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

చేసే పద్ధతి: వాల్వ్ కవర్ తీసి, ఏమీ ముట్టుకోకముందే పదహారు వాల్వులకీ ఇప్పుడు ఎంత గ్యాప్ ఉందో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఈ కాగితం విలువ తర్వాత తెలుస్తుంది. పదిహేను దగ్గరగా ఉండి ఒక్కటే 0.40 ఉందంటే అది మామూలు అడ్జస్ట్‌మెంట్ సమస్య కాదు. లాక్‌నట్ వదులై ఉండొచ్చు, లేదా ఆ లోబ్ అరుగుతోంది. క్యామ్ పుల్లీ మీద "UP" (పైకి) గుర్తు నిలువుగా పైన ఉన్నప్పుడు ఒకటో సిలిండర్ వాల్వులు, అక్కడినుంచి క్రాంక్ అర చుట్టు తిప్పి మూడో సిలిండర్, మళ్లీ అర చుట్టుకి నాలుగు, మళ్లీ అర చుట్టుకి రెండు. ఈ ఇంజిన్ గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిరుగుతుంది, పుల్లీ వైపు నుంచి చూస్తే. అలవాటు కొద్దీ కుడికి తిప్పేవాళ్లు చాలామంది.

ఫీలర్ బ్లేడ్ దూర్చినప్పుడు లాగుతుంటే కొంచెం పట్టీ పట్టనట్టు రావాలి. 0.20 సెట్ చేస్తుంటే 0.18 సులువుగా పోవాలి, 0.23 పోకూడదు, ఈ రెండూ చూస్తే చేతి అంచనా తప్పినా తెలిసిపోతుంది. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ దానితో పాటు ఇంచుక తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి, కొలవకపోతే చేసిన పనంతా వృథా. నట్‌కి 20 న్యూటన్ మీటర్లు చాలు.

ఇంకొకటుంది, ఇది చాలామందికి తట్టదు. స్క్రూ మొన గానీ వాల్వ్ కాడ తల గానీ అరిగి మధ్యలో చిన్న గుంట పడి ఉంటే, ఫీలర్ బ్లేడ్ ఆ గుంట అంచుల మీద వంతెనలా కూర్చుంటుంది. కొలిస్తే 0.20 చూపిస్తుంది, నిజంగా ఉన్న గ్యాప్ అంతకంటే చాలా ఎక్కువ. "ట్యాపెట్లు మూడుసార్లు సెట్ చేశాం, ఒక్కటి మాత్రం సౌండ్ పోలేదు" అనే బండ్లలో ముందు చూడాల్సింది ఇదే. స్క్రూ పూర్తిగా తీసి మొనని వెలుతురులో తిప్పి చూడండి, గుంట కనబడితే కొత్త స్క్రూ వేయాలి.

వీటెక్ (ఎక్కువ రెవ్వుల్లో వాల్వుల్ని ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు) హెడ్‌లో మరో టిక్కు మూలం కూడా ఉంది. ప్రతి సిలిండర్‌కి ఇన్‌టేక్ వైపు మూడు రాకర్లుంటాయి కదా, మధ్యదానికి తక్కువ రెవ్వుల్లో పనిలేదు. అది వదులుగా ఊగకుండా క్యామ్‌కి ఆనించి ఉంచడానికి లాస్ట్ మోషన్ అసెంబ్లీ అని చిన్న స్ప్రింగ్ డబ్బీ ఉంటుంది. అది పట్టేసినా, స్ప్రింగ్ నీరసించినా మధ్య రాకర్ కొట్టుకుంటుంది, వీటెక్ పట్టి మూడు రాకర్లూ ఒకటయ్యే దాకా సౌండ్ ఉంటుంది. వేలితో నొక్కితే మెత్తగా దిగి మెత్తగా లేవాలి. నాలుగింట్లో ఒకటి వేరేగా అనిపిస్తే అదే దొంగ. రీగ్రైండ్ క్యామ్‌లో బేస్ సర్కిల్ (లోబ్‌లో ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదవుతుంది, కాబట్టి ఈ డబ్బీ మామూలు కంటే ఎక్కువ దూరం సాగి పనిచేయాలి, పాతబడిన వాటికి అది చేతకాదు. మీ బండిలో హెడర్ కాదని తేలితే, ట్యాపెట్ల వైపు నా మొదటి పందెం దీని మీదే.

ఒక్క వాల్వ్ గ్యాప్ మాత్రమే పెద్దదై, సెట్ చేసిన కొన్ని వారాలకే మళ్లీ పెరిగితే లోబ్ పైపొర పోయిందని అర్థం, అప్పుడు ఆయిల్ ఫిల్టర్ కోసి చూడాలి. హ్యాక్సా బ్లేడ్‌తో కోయకండి, ఆ ఇనుప రజనే కాగితంలో పడి మిమ్మల్ని భయపెడుతుంది. రేకు కోసే కత్తెరతోనో ఫిల్టర్ కట్టర్‌తోనో తెరిచి, లోపలి కాగితాన్ని బయటికి తీసి మడతలు విప్పి, వైస్‌లో పెట్టి ఆయిల్ పిండేసి, ఎండలో పరిచి చూడండి. అయస్కాంతానికి అంటుకుంటే క్యామ్, రాకర్ లాంటి స్టీలు భాగాలు. అయస్కాంతానికి అంటకుండా తళతళమనే పల్చటి రేకులుంటే బేరింగ్ పొర. ఫిల్టర్‌లో అలాంటి రేకులు దొరికితే మీ మెకానిక్ మాటకి బలం వచ్చినట్టు, అప్పుడు నేనూ ఇంజిన్ దించమంటాను.

ఆయిల్ ప్రెషర్ కూడా ఊహించుకోనక్కర్లేదు, కొలవొచ్చు. ప్రెషర్ స్విచ్ విప్పి ఆ చోట మెకానికల్ గేజ్ పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడండి: ఐడిల్‌లో కనీసం 70 కిలోపాస్కల్స్, అంటే సుమారు 10 పీఎస్‌ఐ, 3000 ఆర్పీఎం దగ్గర కనీసం 340, అంటే సుమారు 50 పీఎస్‌ఐ ఉండాలని ఈ ఇంజిన్లకి హోండా లెక్క. ఆ బ్లాక్‌లో మర బ్రిటిష్ పైపు మర, అంగుళానికి 28 చుట్లు. బజార్‌లో దొరికే చాలా గేజ్ అడాప్టర్లకి 27 చుట్లు. దగ్గరదగ్గరగా ఉన్నాయి కదా అని బలవంతంగా బిగిస్తే మర పాడవుతుంది, బ్లాక్ పగిలిన సందర్భాలూ ఉన్నాయి. సరైన అడాప్టర్ దొరికాకే చేయండి.

20డబ్ల్యూ-50 సంగతి. చిక్కటి ఆయిల్ సౌండ్‌ని కప్పిపెడుతుంది, కారణాన్ని బాగు చేయదు, పైగా చల్లటి స్టార్ట్‌లో హెడ్ దాకా చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, వీటెక్ సోలినాయిడ్ దగ్గరుండే చిన్న జల్లెడకీ అది ఇష్టం ఉండదు. మీ సౌండ్ గ్యాస్ లీకు అయితే ఏ ఆయిల్ పోసినా మారదు, మారలేదు కూడా, ఆ లెక్కన మీరు అనుకోకుండానే ఒక పరీక్ష చేసేశారు. మాన్యువల్ చెప్పిన గ్రేడ్‌కి తిరిగి రండి. సౌండ్ పోతుందని అమ్మే డబ్బా మందులు మాత్రం ఏవీ పోయొద్దు.

ఒకే ఒక్క విషయంలో నాకు టెన్షన్ ఉంది. హెడ్ ఫేసింగ్ చేశారు, అంటే కంప్రెషన్ పెరిగింది, దానికి తోడు పిగ్గీబ్యాక్‌తో ఇగ్నిషన్ అడ్వాన్స్ చేసి ఉంటారు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద నాలుగో గేర్‌లో కాలు అదిమినప్పుడు వచ్చేది పొద్దున ఐడిల్‌లో వచ్చే టిక్కేనా, లేక గాజు గోలీలు డబ్బాలో ఆడించినట్టు వేరే సౌండా? జాగ్రత్తగా వినండి. రెండోదైతే అది నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం), దానికీ హెడర్‌కీ సంబంధం లేదు, రెండు జబ్బులు ఒకేసారి ఉన్నట్టు. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక 95 గానీ 100 ఆక్టేన్ పెట్రోల్ గానీ కొట్టించి అదే ఫ్లైఓవర్, అదే గేర్, అదే స్పీడ్‌లో వినండి. సౌండ్ పోయిందంటే నిర్ధారణ అయినట్టే, వెంటనే ట్యూనర్ దగ్గరికి వెళ్లి ఆ లోడ్ దగ్గర టైమింగ్ రెండు మూడు డిగ్రీలు వెనక్కి లాగించండి. అప్పటిదాకా ఎక్కుడు మీద గేర్ దించి నడపండి, కాలు అదమొద్దు. నాకింగ్‌ని వదిలేస్తే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి, బేరింగులు నలుగుతాయి, మెకానిక్ ఇవాళ చెప్పిన మాట ఆరు నెలల తర్వాత నిజమవుతుంది.

బండి ఈలోగా నడపొచ్చా అన్నారు. టిక్కు ఇప్పుడున్నట్టే ఉన్నంతవరకు ఊళ్లో మెల్లగా నడపండి. కిటికీలు మూసుకుని ఏసీ రీసర్క్యులేషన్‌లో కూర్చోవద్దు, హెడర్ లీకు గ్యాస్ క్యాబిన్‌లోకి వస్తే అది కార్బన్ మోనాక్సైడ్. ఆయిల్ లైటు మినుక్కుమన్నా, సౌండ్ వేడెక్కాక పెరగడం మొదలైనా, టిక్కు పోయి ఠక్‌ఠక్‌మనే బరువైన సౌండ్ వచ్చినా అక్కడికక్కడే ఆపేసి టోయింగ్ పిలవండి, "ఇంకొక్క కిలోమీటరే కదా" అని నడపొద్దు.

అగరుబత్తి పరీక్షలో ఏం తేలిందో, పదహారు వాల్వుల గ్యాప్‌లు ఎంతెంత వచ్చాయో, క్యామ్ కాగితం మీద ఏముందో రాయండి. గ్యాప్‌లు రాసేటప్పుడు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వేరుగా, సిలిండర్ నంబర్‌తో రాయండి, ఒకటో సిలిండర్ అంటే టైమింగ్ బెల్టు వైపుది.